ఒంటెను కట్టేశాకే తవక్కుల్ (అల్లాహ్‌పై భరోసా)

అస్సలాము అలైకుమ్ అందరికీ. రాత్రి మన గ్రూప్‌లో ఒక తమ్ముడు "ఉద్యోగం పోయింది, అంతా అల్లాహ్ ఇష్టం, ఇక నేనేం చేసినా ఒకటే" అని పెట్టాడు. బాధ అర్థమైంది. ఆ చివరి ముక్కే నాకు మింగుడుపడలేదు.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను రోజు. విశాఖవాళ్లకు ఆ గాలి గురించి చెప్పక్కర్లేదు. (ఖురాన్‌లో సులైమాన్ అలైహిస్సలామ్‌కు కబురు తెచ్చిన పిట్ట పేరది, తెచ్చి తుపానుకు పెట్టారు!) మా అబ్బా (నాన్న) టైలరింగ్ షాపు రేకులు లేచిపోయాయి. రెండు కుట్టు మిషన్లూ నానిపోయాయి. మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అవగానే ఆయన షాపుకెళ్లి, బాబిన్ కేసు విప్పి, పాత లుంగీ ముక్కతో తడి తుడిచి, చుక్కచుక్కగా మిషన్ ఆయిల్ వేశారు. పెదాల మీద దువా, చేతుల్లో స్క్రూడ్రైవర్. ఒక మిషన్ బతికింది. రెండోది పాత ఇనుము కింద పోయింది.

ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని ఒకాయన అడిగితే ప్రవక్త (స) "కట్టు, ఆపై నమ్ము" అన్నారని తిర్మిజీ సంకలనంలోని హదీసు (ప్రవక్త మాటల నమోదు). ఖురాన్ 94వ సూరాలో (అధ్యాయంలో) "కష్టంతో పాటే సౌలభ్యం" అని వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. "తర్వాత" కాదు, "పాటే". ఆ మాట దగ్గర నేనెప్పుడూ కాసేపు ఆగిపోతాను.

తమ్ముడూ, శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక మసీదు బయట చెప్పుల దగ్గర ఉంటాను. బయోడేటా రెండు కాపీలు తీసుకురా. గాజువాకలో తెలిసినవాళ్లను అడిగాను, మాటైతే ఇవ్వలేదు. ఎక్కడైనా ఖాళీలుంటే మిగతావాళ్లు ఇక్కడే రాయండి. గుడ్ మార్నింగ్ బొమ్మలు రేపు పెట్టుకోవచ్చు.