తెలుగు పేర్లు కంప్యూటర్లో ఎందుకు తప్పిపోతాయి?

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ వైపు దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఒక విన్నపం. పేరు రాసే పెట్టెకు పొడవు పరిమితిని బైట్లలో (కంప్యూటర్ నిల్వను కొలిచే చిన్న ప్రమాణం) పెట్టకండి. అక్షరాలను కంప్యూటర్లో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతమూ, పొల్లూ, సున్నా కూడా విడివిడి గుర్తులే. ‘వెంకటేశ్వర్లు’లో 13 గుర్తులు, అంటే 39 బైట్లు. 30 బైట్ల పెట్టెలో మిగతాది కోసేస్తే మిగిలేది ‘వెంకటేశ్వర’. చూడటానికి అదీ సరైన పేరే కాబట్టి తప్పు ఎవరి కంటా పడదు. అసలు ప్రమాదం అదే.

వెతకడంలో ఇంకో చిక్కుంది. ‘వరంగల్‌లో’ అని కొట్టి ‘లో’ చెరిపేస్తే, ‘ల్’ వెనుక అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు మిగిలిపోవచ్చు. తెరమీద రెండూ ‘వరంగల్’లే, పోల్చితే కలవవు, ‘రికార్డు లేదు’ అని వస్తుంది. పేరును ఉన్నదున్నట్టు దాచండి. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసి, ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరులో ఉంచే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి. వెతికే మాటకూ అదే చేయాలి. ఒక్కవైపే చేస్తే ఫలితం ఉండదు. పరీక్షించేటప్పుడు ‘రాము’, ‘సీత’ చాలవు, ఒత్తులున్న పొడవాటి పేర్లు కొట్టి చూడండి.

– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హనుమకొండ