గుంపు చివర నడవమన్న వారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. వారమంతా ఆఫీసులో లెక్కలు చూసుకునే నేను, గత ఆరు నెలలుగా శని, ఆదివారాల్లో మా మహానగరంలోని పాత వీధుల్లో వాకింగ్ టూర్ గైడ్‌గా పనిచేస్తున్నాను. నిన్నటితో ఇరవయ్యవ నడక పూర్తయింది. మొదటి నడకకు ముందే ఈ ఆలోచన మానుకోబోయిన నన్ను ఇంతవరకు తీసుకువచ్చిన కొందరికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు కనుక రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

అందరికన్నా ముందు చెప్పవలసింది ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న ఒక గైడ్ గారి గురించి. ఆమెను కలిసిన రోజున నా చేతిలో పద్నాలుగు పేజీల వ్యాసం ఉంది. దాన్ని కంఠస్థం చేసి ఒక్కో భవనం ముందు అప్పజెప్పడమే గైడ్ పని అని నా నమ్మకం. ఆమె మొదటి పేజీ మాత్రం చదివి, కాగితాలు మడిచి తిరిగి ఇచ్చి, రాబోయే నాలుగు శనివారాలు తన గుంపులో అందరికన్నా వెనుక నడవమన్నారు. నోట్సు రాసుకోవద్దని, తన వైపు కాకుండా వచ్చినవారి వైపు చూడమని కూడా చెప్పారు.

వెనుక నుంచి చూస్తే ఈ పని పూర్తిగా వేరేగా కనిపిస్తుంది. ముందున్న నలుగురు చేరగానే గైడ్ మాట్లాడడం మొదలుపెడితే, ఫొటో కోసం ఆగి ఆలస్యంగా వచ్చినవారికి కథ సగంలో అందుతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి వారు వినే ప్రయత్నమే మానేస్తారు. ముందు వరుసలో ఎవరో అడిగిన ప్రశ్న వెనుకవారికి వినిపించదు కనుక, దానికి గైడ్ ఇచ్చే జవాబు వారికి పొంతన లేని మాటలా తోస్తుంది. ఎండ కళ్లలో పడుతున్నవారు భవనాన్ని కాదు, గడియారాన్ని చూస్తారు. ఆమె మాత్రం ప్రతిచోటా ఎండ తన ముఖం మీద పడేలా తాను నిలబడి, వచ్చినవారిని నీడ వైపు నిలబెట్టేవారు. చివరి మనిషి చేరేదాకా నోరు విప్పేవారు కాదు. ప్రశ్న ఎవరడిగినా అందరికీ వినిపించేలా మళ్లీ చెప్పి, ఆ తరువాతే జవాబిచ్చేవారు. రోడ్డు దాటే ముందు ఒకసారి, దాటాక మరోసారి తలలు లెక్కపెట్టడం ఆమెకు ఎంత అలవాటైందంటే, మాట ఆగకుండానే ఆ లెక్క జరిగిపోయేది. ఇవేవీ నా పద్నాలుగు పేజీల్లో లేవు.

ఆ తరువాత నేను వేసుకున్న దారిని ఆమె చేతికి ఇచ్చాను. అయిదు కిలోమీటర్లు, పదిహేడు మజిలీలు. అందులో తొమ్మిదింటిని అక్కడికక్కడే కొట్టివేశారు. నిజం చెప్పాలంటే నేను మూడు రోజులు అలిగాను, ఎందుకంటే వాటిలో నాకు ఎంతో ఇష్టమైన మెట్ల బావి కూడా ఉంది. ఒంటరిగా పన్నెండు నిమిషాల్లో నడిచే కిలోమీటరుకు పదిహేనుమంది గుంపుతో ఇరవై అయిదు నిమిషాలు పడుతుందని గడియారం పట్టుకుని నడిచి చూశాకగాని ఆ అలక తీరలేదు. ఇప్పుడు నా టూర్ రెండు గంటలు, ఎనిమిది మజిలీలు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో, మోకాళ్ల నొప్పులున్నవారు కాసేపు కూర్చోవడానికి గట్టు ఎక్కడుందో, వాన వస్తే ఏ వరండా కిందికి చేరాలో తెలుసుకున్నాకే ఆమె ఆ దారికి ఒప్పుకున్నారు.

మా వీధి నివాసుల బృందానికి కూడా నేను రుణపడి ఉన్నాను. నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ జ్ఞాపకార్థం 2007లో టొరంటోలో మొదలైన జేన్స్ వాక్ ఇప్పుడు అనేక నగరాల్లో మే నెల మొదటి వారాంతంలో ఉచితంగా జరుగుతుంది. తమ వీధుల గురించి నలుగురితో నడుస్తూ మాట్లాడాలనుకునే ఎవరైనా దాన్ని నడిపించవచ్చు, గైడ్ కానక్కరలేదు. ఈ ఏడు మా పేటలో ఆ అవకాశం నాకిచ్చారు. వచ్చిన పదకొండు మందిలో సగం మందికి ఆ వీధి నాకన్నా బాగా తెలుసు. నాలుగో మజిలీ తరువాత నేను దాదాపు శ్రోతగా మారాను, ఆ రోజు విన్న మాటల్లో మూడింటిని నేటికీ నా టూర్‌లో వాడుకుంటున్నాను.

డబ్బు, నిబంధనల విషయంలో సాయపడినది న్యాయవాది అయిన మా పెదనాన్న గారబ్బాయి. గైడ్‌కు లైసెన్సు తప్పనిసరి అయిన నగరాలూ ఉన్నాయి, అవసరం లేని నగరాలూ ఉన్నాయి. లైసెన్సు అక్కరలేని చోట కూడా కొన్ని మ్యూజియంల లోపల తాము అనుమతించిన గైడ్లనే మాట్లాడనిస్తారు. అన్నయ్య ఇవన్నీ చదివి చెప్పడమే కాక, ఎవరైనా కాలుజారి పడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న నాకు తట్టకముందే బీమా చేయించారు. టికెట్ లేకుండా, చివర ఎవరికి తోచినంత వారు ఇచ్చే 'ఉచిత' టూర్ల పద్ధతి 2004లో బెర్లిన్‌లో మొదలైన ఒక సంస్థతో బాగా వ్యాపించింది. నేనూ ముందు అటే మొగ్గాను. అలాంటి కొన్ని సంస్థల్లో వచ్చిన ప్రతి మనిషికీ ఇంతని గైడే సంస్థకు చెల్లించాలని ఆయన లెక్క వేసి చూపించాక, చిన్న గుంపు, ముందే చెప్పిన రుసుము అన్న పద్ధతికి వచ్చాను. లెక్కలు చూసేది నేను, ఈ లెక్క వేసింది మాత్రం ఆయన.

మూడో నడకతో గొంతు పోయినప్పుడు ఆదుకున్నది బడిలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు. బస్సు వెళ్తుంటే దానితో పోటీపడి అరవకుండా ఆగమని, గోడకు వీపు పెట్టి నిలబడితే మాట ముందుకు వెళ్తుందని, గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసలాడడం కూడా దానికి శ్రమేనని నేర్పింది.

చివరగా, గ్రంథాలయంలో పాత పత్రాల విభాగం చూసే పెద్దాయన. ఎదురెదురుగా ఉన్న రెండు పాత మేడలను అన్నదమ్ములు పంతానికి పోయి కట్టించారన్న కథ నా టూర్‌లో అందరికీ నచ్చేది, నవ్వులు కూడా అక్కడే వచ్చేవి. దానికి ఆధారం దొరుకుతుందేమోనని వెళ్తే, ఆయన రెండు మధ్యాహ్నాలు నాతో కూర్చుని పన్ను రికార్డులు తిరగేశారు. యజమానులిద్దరికీ బంధుత్వమే లేదు, ఒక మేడ రెండోదానికన్నా నలభై ఏళ్లు పాతది. నేను నీరసపడితే ఆయన నవ్వి, ఆ కథ ఎవరు, ఎప్పుడు పుట్టించారో వెతుకుదాం రమ్మన్నారు. ఆ వెతుకులాట ఇంకా సాగుతోంది. మొదటి ఏడు నడకల్లో నాతో వచ్చి ఆ అన్నదమ్ముల కథ విన్నవారు ఇది చదువుతుంటే, దయచేసి దాన్ని మరొకరికి చెప్పవద్దు. ఆ మేడల ముందు నిలబడి సరిచేసిన కథ చెప్పడానికి మీకోసం ఏ ఆదివారమైనా రుసుము లేకుండా వస్తాను.