కానుకకూ లెక్క ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

ధరలు, ఉద్యోగాలు, వడ్డీలు ఏవీ నిలకడగా లేని కాలంలో కుటుంబం తన డబ్బును ఎలా కాపాడుకోవాలో చెప్పే రచనలు పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. అవి చాలా వరకు పొదుపు, బీమా, అప్పుల చుట్టూ తిరుగుతాయి. క్రైస్తవ కుటుంబం లెక్కల పుస్తకంలో వీటికి తోడు మరొక పద్దు ఉంటుంది, అది దేవునికి ఇవ్వవలసినది, అంటే సంఘంలో సమర్పించే కానుక. ఒక చిన్న చర్చి సంఘానికి కొన్నేళ్లు కోశాధికారిగా పనిచేసిన వాడిని కనుక, బయటివారు అడగడానికి మొహమాటపడే, లోపలివారు మాట్లాడడానికి ఇష్టపడని ఆ పద్దు గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆస్తి విషయంలో విశ్వాసి స్థానాన్ని తెలుగు బైబిలు 'గృహనిర్వాహకుడు' అనే మాటతో చెబుతుంది. సొమ్ము యజమానిది, నిర్వహణ మాత్రమే ఇతనిది. లూకా సువార్త 16వ అధ్యాయంలో యజమాని అటువంటి నిర్వాహకుణ్ణి పిలిచి మొదట అడిగింది లెక్క. అంటే భక్తి, లెక్క వేర్వేరు గదుల్లో ఉండేవి కావు. మత్తయి 25వ అధ్యాయంలోని ఉపమానంలో యజమాని ప్రయాణమవుతూ తన దాసులకు తలాంతుల లెక్కన సొమ్ము అప్పగిస్తాడు. వారిలో ఒక్క తలాంతు పొందినవాడిని మనం పాపం, తక్కువ దొరికినవాడిగా ఊహించుకుంటాం. కానీ ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు, దేనారము ఒక రోజు కూలి. ఆ లెక్కన అతని చేతికి వచ్చినది దాదాపు 20 ఏళ్ల కష్టార్జితం. అంత సొమ్మును అతడు భయపడి నేలలో పాతిపెట్టాడు. కష్టకాలంలో చాలామంది చేసేది ఇదే. మిగిలినవారు దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడి, 'దేవుడే చూసుకుంటాడు' అంటూ రేపటి ఊసే ఎత్తరు.

ఈ రెండో వర్గం ఆశ్రయించేది యేసు చేసిన కొండమీది ప్రసంగంలోని, రేపటిని గూర్చి చింతించవద్దనే మాటను. చింతించవద్దన్నది ఆలోచించవద్దని ఎప్పుడు అయిందో నాకు తెలియదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగినది కూడా ఆ ప్రభువే. ఇక ఐగుప్తు రాజు ఫరో దగ్గర అధికారిగా ఉన్న యోసేపు సంగతి చాలామందికి తెలిసినదే. సమృద్ధిగా పండిన ఏడు సంవత్సరాలలో పంటలో ఐదవ వంతు తీయించి, ఆ తరువాతి ఏడు కరవు సంవత్సరాలకు నిలువ చేయించాడు. పొదుపు గురించిన ప్రసంగాలన్నీ ఆదికాండము 41వ అధ్యాయం దగ్గర ఆగిపోతాయి, 47వ అధ్యాయం దాకా వెళ్లినవి నేను విన్నది తక్కువ. అక్కడ అదే ధాన్యం కోసం ప్రజలు మొదట వెండిని, తరువాత పశువులను, చివరకు భూములను, తమనుతామే ఫరోకు అమ్ముకున్నారు. నిలువ చేసినవాడి చేతికి నిలువ లేనివాడి మీద ఎంత అధికారం వస్తుందో గ్రంథం దాచకుండా చెప్పింది. పొదుపు చేయమని బోధించేవారు ఆ సగాన్ని కూడా చదివి వినిపించడం న్యాయం.

అనిశ్చిత కాలానికి నా దృష్టిలో యోసేపు కన్నా దగ్గరి ఉదాహరణ యిర్మీయా ప్రవక్త. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, చెరసాల ప్రాకారంలో బందీగా ఉన్న ఆ ప్రవక్త, అనాతోతులో తన పినతండ్రి కుమారుని పొలాన్ని 17 తులముల వెండికి కొన్నాడు. శత్రువు చేతికి చిక్కబోతున్న పొలం కనుక బేరంగా చూస్తే అది పిచ్చి. ఈ దేశంలో మళ్లీ ఇళ్లు, పొలాలు కొంటారన్న దేవుని మాటను నమ్మి చేసిన పని అది. అయినా అతడు వెండిని త్రాసులో తూచాడు, పత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షులను పిలిచాడు. ముద్ర వేసిన ప్రతిని, ముద్ర వేయని ప్రతిని రెండింటినీ చాలా కాలం చెడకుండా ఉండేందుకు మట్టికుండలో పెట్టించమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. విశ్వాసంతో చేసిన పనికే ఇంత దస్తావేజు ఉన్నప్పుడు, 'విశ్వాసంతో ఇచ్చాం, లెక్క ఎందుకు' అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి.

చేతిలో డబ్బు ఆడని రోజుల్లో వేదికల మీద ఎక్కువగా వినిపించేది మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం. దశమభాగం, అంటే రాబడిలో పదవ వంతు, తెండి, ఆకాశపు వాకిండ్లు తెరుచుకుంటాయి అని. దానికి ఐదు వచనాల ముందు, కూలివాని జీతం విషయంలో అన్యాయం చేసేవారి మీద, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధించేవారి మీద దేవుడే సాక్షిగా నిలుస్తాడని ఉంది. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం మరింత స్పష్టంగా, ప్రతి మూడవ సంవత్సరాంతంలో ఆ ఏటి పంట దశమభాగాన్ని ఊరిలోనే ఉంచాలని, సొంత భూమి వాటా లేని లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు తిని తృప్తిపొందాలని చెబుతుంది. లోపలికి వచ్చే దశమభాగం గురించి చెప్పినంత గట్టిగా బయటికి వెళ్లే దశమభాగం గురించి ఎందుకు చెప్పరు?

ఇది ఇతరుల మీద వేస్తున్న నింద కాదు. నేను కోశాధికారిగా ఉన్న రోజుల్లో, జీతం ఆగిపోయిన ఒక సోదరుడు నెలనెలా తప్పకుండా కానుక తెచ్చి ఇచ్చేవారు. ఆ సొమ్ము ఎక్కువ వడ్డీకి తెచ్చినదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రసీదులు రాసి ఇచ్చినది నేనే. ఆయన విశ్వాసాన్ని అందరి ముందూ మెచ్చుకున్నాం కానీ, ఇల్లు ఎలా గడుస్తోందని మాలో ఒక్కరమూ అడగలేదు. ఉన్నదానిని బట్టి ఇచ్చినదే ప్రీతికరమని, లేనిదానిని బట్టి కాదని, ఇతరులకు తేలికగాను మీకు భారంగాను ఉండాలని తన ఉద్దేశం కాదని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో ఉండనే ఉంది. మేమే దాన్ని ఆయనకు చదివి వినిపించలేదు.

ఇటువంటి సందర్భంలో ఎవరో ఒకరు దేవాలయపు కానుక పెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసిన బీద విధవరాలిని గుర్తు చేస్తారు. మార్కు సువార్తలో ఆమె కథకు సరిగ్గా ముందున్న మాట విధవరాండ్ర ఇళ్లను దిగమింగే శాస్త్రుల, అంటే యూదుల ధర్మశాస్త్ర బోధకుల, గురించినది. వెంటనే తరువాత వచ్చేది ఆ దేవాలయంలో రాతి మీద రాయి నిలవదన్న హెచ్చరిక. యేసు ఆమె హృదయాన్ని మెచ్చుకున్నాడనడంలో సందేహం లేదు. ఆమెను ఆ స్థితిలో ఉంచి ఆ కాసులు పుచ్చుకున్న ఏర్పాటును మెచ్చుకున్నాడని మాత్రం ఆ పుట చెప్పదు.

మరి సంఘం ఎలా నడుచుకోవాలి? రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో వచ్చిన కరవు గురించి అగబు అనే ప్రవక్త ముందుగా చెప్పినప్పుడు అంతియొకయలోని శిష్యులు ఎవరి శక్తి కొలది వారు యూదయలోని సహోదరులకు సహాయం పంపారు. ఆ తరువాత యెరూషలేములోని బీదల కోసం చేసిన చందా విషయంలో పౌలు తీసుకున్న జాగ్రత్త నేటి ఆడిటరు కూడా మెచ్చుకునేది. ఆదివారం ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొలది వారు తీసి ఉంచాలన్నాడు. తాను వచ్చినప్పుడు అప్పటికప్పుడు వసూళ్లు జరగకూడదన్నాడు. సొమ్మును మోసుకెళ్లేవారిని సంఘాలే ఎన్నుకోవాలన్నాడు. ఇంత విస్తారమైన ధర్మం విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకుండా, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా నడుచుకుంటున్నామని రాశాడు. అపొస్తలుడే తన మీద అనుమానానికి చోటు ఇవ్వకూడదనుకున్నప్పుడు, లెక్క అడిగినవారిని అవిశ్వాసులుగా చూడడం నాకు ఏనాడూ అర్థం కాలేదు.

మరొక చిన్న సంగతి. చేతిలో డబ్బు తగ్గినప్పుడు, తోటి విశ్వాసి పరిచయంతోనే త్వరగా రెట్టింపు చేస్తామనే పథకాలు, హామీ సంతకాల అభ్యర్థనలు లోపలికి వస్తాయి. ప్రార్థనతో మొదలైనంత మాత్రాన పథకం మంచిదైపోదు. పూట పడవద్దని, అంటే ఇతరుల అప్పుకు హామీ ఉండవద్దని, సామెతల గ్రంథం చెప్పినది విశ్వాసికి విశ్వాసి పూట పడడానికి కూడా వర్తిస్తుంది.

ఆ సోదరుని విషయం తెలిసిన తరువాత మా సంఘంలో నెలకొకసారి జమాఖర్చుల కాగితాన్ని ద్వారం పక్కన గోడకు అంటించడం మొదలుపెట్టాం. మొదటి రెండు నెలలు దాని ముందు ఆగినవారు తక్కువ, 'మమ్మల్ని నమ్మరా' అని నొచ్చుకున్న పెద్దలే ఎక్కువ. మూడవ నెలలో ఒక పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని చివరి వరుస దాకా చదివి, కట్టడం నిధికి ఇంత ఉంది, బీదల సహాయం అన్న చోట గీత మాత్రమే ఉంది, అది రాయడం మరిచిపోయారా అని నన్ను అడిగారు. మరిచిపోలేదని ఒప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు మొదట చర్చకు వచ్చినది ఆ గీతే.

ఇట్లు,
ఒక సంఘ మాజీ కోశాధికారి