అది స్టేడియం కాదండీ, థియేటర్

సంపాదకులకు నమస్కారం.

ఉండేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లోనే అయినా పొద్దున్నే ఫోన్‌లో మీ పేపరు చూడందే నాకు టీ దిగదు. 2025 మే 5న జావో షింటాంగ్ 18-12తో మార్క్ విలియమ్స్‌ని ఓడించి ప్రపంచ స్నూకర్ (టేబుల్ మీద కర్రతో రంగు బంతుల్ని గుంటల్లోకి కొట్టే ఆట) ఛాంపియన్ అయిన వార్త వేశారు, ఆసియా నుంచి గెలిచిన మొదటివాడు కాబట్టి మంచి పని చేశారు, కానీ అందులో పోటీ జరిగే మా ఊరి హాలుని ‘క్రూసిబుల్ స్టేడియం’ అని రాశారు. అది స్టేడియం కాదు, నాటకాల హాలు. 1971లో నాటకాల కోసమే కట్టారు, ఇప్పటికీ ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఆడేది నాటకాలే. స్నూకర్‌కి ఇచ్చేది ఏప్రిల్-మే నెలల్లో 17 రోజులు. పోటీ నిర్వాహకుడు మైక్ వాటర్సన్ భార్య అక్కడ నాటకం చూసొచ్చి, మీ ఆటకి ఈ హాలు సరిగ్గా సరిపోతుంది అన్నదట, 1977 నుంచి పోటీ ఈ ఊరు దాటలేదు.

ఒక్క మాట దగ్గర ఇంత పట్టింపేమిటి అంటారేమో. అదే వార్త చివర ‘హాలు చాలా చిన్నది కాబట్టి పోటీని సౌదీకో చైనాకో మార్చడమే ఆటకు మేలు’ అని కూడా ఉంది. క్రూసిబుల్‌తో 2025 నాటికి ఉన్న ఒప్పందం 2027 వరకే కాబట్టి ఈ మాట ఇక్కడా రోజూ వినిపించేది. సీట్లు 980 మాత్రమే, నిజమే. నిర్వాహకులు రెండు మూడు వేల సీట్లు కావాలన్నారు, ఎక్కువ టికెట్లమ్మితే ఆటగాళ్లకూ ఎక్కువ డబ్బొస్తుంది, అదీ కాదనను.

కానీ స్నూకర్ బంతి ఎంతుంటుందో తెలుసా? అడ్డంగా 52.5 మిల్లీమీటర్లు, అంటే పెద్ద నిమ్మకాయంత. మన దగ్గరే ఒక పెద్ద ఇండోర్ స్టేడియంలో పై వరసలో కూర్చుని బ్యాడ్మింటన్ చూశాను, షటిల్ ఎటు పోయిందో పక్కవాళ్ల చప్పట్లని బట్టి తెలుసుకోవాల్సొచ్చింది. క్రూసిబుల్‌లో వేదిక జనం మధ్యలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, మూడు వైపులా మనమే. మొదటి రౌండ్‌కి ఒకసారి వెళ్లాను. ఆటగాడు క్యూ (బంతిని కొట్టే కర్ర) మొనకి సుద్ద రాస్తుంటే ఆ గరగర నాకు వినిపించింది. క్వార్టర్ ఫైనల్స్ అయ్యేదాకా రెండు టేబుళ్లుంటాయి, మధ్యలో ఒక అడ్డుగోడ. ఇటువైపు ఆటగాడు వంగి గురి చూస్తున్నాడు, సరిగ్గా అప్పుడే అటువైపు జనం ఒక్కసారి హోరెత్తారు, అతను లేచి నిలబడి, చిన్నగా నవ్వి, మళ్లీ వంగాడు. ఆ రెండు క్షణాలు నేనూ ఊపిరి బిగబట్టే కూర్చున్నా. మూడు వేల సీట్ల హాల్లో అయితే అతని నవ్వు పెద్ద స్క్రీన్ మీద చూడాలి, స్క్రీనే చూడాలంటే మా ఇంట్లో సోఫా లేదా?

ఆట పెరగాలంటే హాలు పెరగాలన్న లెక్క కూడా నాకు అర్థం కాదు. 1985 ఫైనల్లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ చిట్టచివరి గేమ్‌లో ఆఖరుగా మిగిలిన నల్ల బంతి దాకా వెళ్తే, అర్ధరాత్రి దాటాక కూడా బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చున్నారు. అప్పుడూ హాలు ఇదే.

భవనం పాతబడింది, లోపల ఇరుకు అని ఆటగాళ్లే కొందరు అంటున్నారు. అయితే బాగుచేయండి. నగర కౌన్సిల్, థియేటర్ వాళ్లు, స్నూకర్ వాళ్లు ఒకచోట కూర్చుని, వేదిక ఆకారం చెడకుండా ఇంకా కొన్ని సీట్లు ఎక్కడ పడతాయో చూడండి. ఊరే మార్చేయడం మాత్రం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఇంకోటి, ఇది మనవాళ్ల కోసం. క్రూసిబుల్ అంటే మూస, కంసాలి బంగారం కరిగించేది. 1740ల్లో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కు కరిగించాడు, ఉక్కు నగరంగా ఊరికి పేరొచ్చింది దాంతోనే, థియేటర్ పేరూ అందుకే. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఈ సంగతి ఇక్కడ ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మలేదు, ఫోన్ తీసి చూపించాల్సొచ్చింది. స్నూకర్ పుట్టింది కూడా జబల్‌పూర్‌లో, 1875లో, బ్రిటిష్ ఆఫీసర్ల మెస్‌లో. అది అసలే నమ్మలేదు.

‘స్టేడియం’ అన్న మాటకి రేపు ఒక సవరణ వేయండి చాలు. మిగతాది వచ్చే ఏడాది టికెట్ దొరికితే మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, షెఫీల్డ్ (సొంతూరు నిజామాబాద్)