పాత కారు కొనేవాళ్లు రంగు కంటే ముందు రేకులు చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో పాత కార్ల మీద వచ్చిన కథనం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ అందులో రంగులు, రేట్లు, ర్యాలీల గురించే తప్ప ఇంజిన్ గురించి ఒక్క ముక్క లేదు. అది చదివి మా కాలేజీ పిల్లలు కొందరు ‘మేడమ్, మీలాగే మేమూ ఒక బీటిల్ కారు కొంటాం, ఏం చూసుకోవాలి?’ అని నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు చెప్పిందే మీ పాఠకులకూ చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఇంగ్లండ్‌లో పనిచేసి వచ్చిన ఒక డాక్టర్ గారు అప్పట్లో వెంట తెచ్చుకున్న 1970 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను వాళ్ల పిల్లలు అమ్ముతుంటే కొన్నాను. అంతకుముందు ఏ బండికీ పానా పట్టలేదు. ఇప్పుడు ఆయిల్, వాల్వ్ గ్యాప్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్నటి సందు), ఫ్యాన్ బెల్ట్ పనులు నేనే చేసుకుంటున్నాను. ఎవరైనా నేర్చుకోవచ్చు. కాకపోతే ఇది నీళ్లతో కాకుండా గాలితో చల్లబడే ఇంజిన్ అన్న సంగతి అడుగడుగునా గుర్తుండాలి.

ఇందులో రేడియేటర్ ఉండదు. వెనక ఉన్న ఇంజిన్ మీద ఒక ఫ్యాన్ తిరుగుతూ పైనున్న చల్లగాలిని రేకు గూడులోంచి సిలిండర్ల మీదికి తోస్తుంది. ఆ గాలి వేడెక్కి కిందికి పోతుంది. పై గాలీ కింది గాలీ కలవకుండా ఇంజిన్ చుట్టూ రేకులు, వాటి అంచున రబ్బరు పట్టీ ఉంటాయి. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు అడ్డంగా ఉన్నాయని వీటిని పీకి పక్కన పడేస్తారు. నా బండికీ నా చేతికి రాకముందే ఎవరో అదే చేశారు. ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి అట్ట మీద కొలతలు గీసుకుని వెళ్లాను. ‘ఇన్నాళ్లూ ఇవి లేకుండానే తిరిగింది కదమ్మా, ఇప్పుడెందుకు?’ అన్నారాయన. ఇంజిన్ స్టార్ట్ చేసి, సన్నటి కాగితం ముక్కను రేకు లేని సందు మీద పట్టుకున్నాను. కింది నుంచి వచ్చే గాలికి కాగితం పైకి లేచి రెపరెపలాడింది. ఆయన అక్కడ చెయ్యి పెట్టి చూశారు. కింద వదిలేసిన వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ లాక్కుంటోందని ఆయనకు వెంటనే అర్థమైంది. ఇక మారుమాట లేకుండా రేకు కత్తిరించి, అంచులు మడిచి, బిగించి ఇచ్చారు. రోహిణి కార్తెలో బెజవాడ రోడ్ల మీద తిరిగే బండికి ఆ రేకులే ప్రాణం. ఈ మోడళ్లలో మూడో సిలిండర్‌కు ఎదురుగా ఆయిల్ కూలర్ ఉంటుంది కాబట్టి ఆ సిలిండర్‌కు అసలే గాలి తక్కువ. ముందు దెబ్బతినేది అదే.

ఫ్యాన్, డైనమో రెండూ ఒకే షాఫ్ట్ మీద తిరుగుతాయి. మామూలు కారులో బ్యాటరీ ఎర్రలైటు వెలిగితే కొన్నిసార్లు మెల్లగా ఇంటికి చేరిపోవచ్చు. ఇందులో ఆ లైటు వెలిగిందంటే బెల్ట్ తెగి ఉండొచ్చు, అంటే ఫ్యాన్ కూడా ఆగిపోయినట్టే. అక్కడికక్కడే బండి ఆపేయాలి. ఒక స్పేర్ బెల్ట్ ఎప్పుడూ బండిలో ఉండాలి.

కొనేటప్పుడు వెనక సీటు ఎత్తి చూడండి. బ్యాటరీ దాని కిందే ఉంటుంది, యాసిడ్ కారి ఫ్లోర్ తినేసి ఉండొచ్చు. తలుపుల కింద బోలుగా ఉండే భాగానికి అయస్కాంతం ఆనించండి, అంటుకోకపోతే అక్కడ ఇనుము లేదు, లప్పమే ఉందన్నమాట. తర్వాత ఇంజిన్ ఆపి, బెల్ట్ తిరిగే కింది పుల్లీని రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్ టక్ మని కొట్టుకుంటుంటే ఆ బండి వదిలేయండి. అక్కడ ఉండాల్సిన ఆట, అంటే ముందుకూ వెనక్కూ కదిలే వదులు, 0.15 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే, ఆ పని తెలిసిన లేత్ దొరకడం కష్టం. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

ఆయిల్ రెండున్నర లీటర్లే పడుతుంది. ఫిల్టర్ ఉండదు, అడుగున ఒక జాలీ మాత్రం ఉంటుంది. అందుకే ఐదు వేల కిలోమీటర్లకోసారి తప్పకుండా మార్చాలి. జాలీ మూత నట్లను బలమంతా పెట్టి బిగిస్తే మర ఊడిపోతుంది. వాల్వ్ గ్యాప్ 0.15 మిల్లీమీటర్లు, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. నేనైతే రాత్రంతా ఉంచి తెల్లవారుజామున పెడతాను. ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకు ఆ సందు లోపలికి వెళ్లాలి, కానీ లాగుతున్నప్పుడు కొంచెం పట్టినట్టు ఉండాలి. ఆ పట్టు చేతికి తెలిసిన రోజున కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది పెట్రోల్ పైపులు. ఇప్పుడు మన బంకుల్లో ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. యాభై ఏళ్ల నాటి రబ్బరు దానికి తట్టుకోదు. పైన నూలు అల్లిక బాగానే కనిపిస్తుంది, వంచి చూస్తే లోపల పగుళ్లు. కారిన పెట్రోల్ పడేది వేడి ఇంజిన్ మీదే. ఆ ఇంజిన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, అది అంటుకుంటే నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం. బండి కొన్న వారంలోనే ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు వేయించండి. గేర్‌బాక్స్ పక్కన కనిపించకుండా ఉండే చిన్న పైపు ముక్కను మరవొద్దు. సీటు దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి.

మీకు రెండు విన్నపాలు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు. అయితే అలా చేయించిన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. డబ్బు కట్టేశాక ఈ సంగతి తెలిసి బాధపడేవాళ్లున్నారు. దీన్ని వివరంగా ప్రచురించండి. రెండోది, మన పాలిటెక్నిక్ కాలేజీల ఆటోమొబైల్ విభాగాల వాళ్లకు ఈ ఇంజిన్‌ను ఒక్కసారి విప్పి పిల్లలకు చూపించమని మీ పత్రిక ద్వారా చెప్పండి. నాలుగు బోల్టులు విప్పితే కిందికి దిగే ఇంజిన్ ఇది. ఎవరైనా అడిగితే సెలవుల్లో నా బండి తీసుకొస్తాను. నా ఫోన్ నంబర్ మీ కార్యాలయంలో ఇచ్చాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
పటమట, విజయవాడ