మీ బాకీల లెక్క క్లౌడ్‌కి మార్చాం, మార్చేటప్పుడు రెండు తప్పులు జరిగాయి

నమస్కారం అండీ. మా ఏజెన్సీలో మందులు తీసుకునే మెడికల్ షాపుల వాళ్ళందరికీ ఇది. జనవరి 19 నుంచి మన బిల్లింగు, స్టాకు, మీ బాకీల లెక్క అంతా క్లౌడ్‌లో, అంటే షాపులో డబ్బా కాకుండా ఇంటర్నెట్ ద్వారా వాడే సర్వర్లో, నడుస్తోంది. మార్చేటప్పుడు రెండు తప్పులు జరిగాయి, రెండూ వచ్చి మీకే తగిలాయి. ఫోన్ చేసిన వాళ్ళకి చెప్తూనే ఉన్నా గానీ చెయ్యని వాళ్ళకి కూడా తెలియాలి కదా, అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఎక్స్‌పైరీ సంగతి. 19 సోమవారం నుంచి 22 గురువారం మధ్యాహ్నం దాకా వచ్చిన మా బిల్లుల్లో ఎక్స్‌పైరీ నెల తప్పు పడింది. గురువారం నూజివీడు లైన్లో, అంటే మా డెలివరీ బండి అటు వెళ్ళే రూట్లో, ఒక షాపాయన ఫోన్ చేసి "ఏవండీ, ఈ బిల్లులో మందులన్నీ జనవరిలోనే అయిపోతున్నాయేంటి, స్ట్రిప్పు మీద ఆగస్టు ఉంది" అన్నారు. ఆ బిల్లు తీసి చూస్తే 14 ఐటమ్స్, 14కి 14 జనవరే. మా సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పైరీని ఆ నెల ఒకటో తారీఖుగా దాచుకుంటుంది, ఆగస్టు 2027 అంటే లోపల 01-08-2027 అని ఉంటుంది. కొత్త సర్వర్లో తారీఖు అమెరికా పద్ధతిలోనే ఉండిపోయింది, వాళ్ళు నెల ముందు రాసి రోజు తర్వాత రాస్తారు, దాంతో అది జనవరి 8 అనుకుంది. ఏ నెల మందైనా లోపల ఒకటో తారీఖే కాబట్టి అన్నీ జనవరి అయి కూర్చున్నాయి. అంతకంటే బాధేంటంటే 2026లో అయిపోయే స్టాకు మొత్తం అప్పుడే ఎక్స్‌పైర్ అయినట్టు చూపించి బిల్లు కొట్టనివ్వలేదు, మా షాపులో పనిచేసే పిల్లలు కొత్త సిస్టమ్‌లోకి ఆ స్టాకు ఇంకా ఎక్కలేదేమో అనుకుని మీకు "లేదండీ" అని చెప్పేశారు. మందు ర్యాక్‌లో ఉంది, మీ పేషెంట్‌కి అవసరం ఉంది, మేం లేదన్నాం. మార్చిన రోజు బాకీలు చూశాం, రేట్లు చూశాం, స్టాకు టోటల్ చూశాం, ఎక్స్‌పైరీ కాలమ్ నేను చూడలేదు. మందుల వ్యాపారంలో మొదట చూడాల్సిందే అది. తప్పు నాది, సాఫ్ట్‌వేర్ కుర్రాడిది కాదు.

మందులో ఏ తేడా లేదు, స్ట్రిప్పు మీద ఉన్నదే కరెక్టు. ఆ నాలుగు రోజుల బిల్లులన్నీ సరిచేసి మళ్ళీ ప్రింట్ తీసి లైన్ బండిలో పంపుతున్నాం, బిల్లు నంబరు, మొత్తం, ట్యాక్స్ ఏదీ మారదు. పాత కాగితం మా డెలివరీ అబ్బాయికి ఇచ్చెయ్యండి, రెండూ ఫైల్లో ఉంటే రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు మీకు తలనొప్పి. ఎక్స్‌పైరీ దగ్గర పడిందనుకుని రిటర్న్‌కి పక్కన పెట్టిన వాళ్ళు తీసి ర్యాక్‌లో పెట్టుకోండి.

రెండోది బాకీ మెసేజ్‌లు. డిసెంబర్లో మీరిచ్చిన ఎక్స్‌పైరీ, బ్రేకేజ్ రిటర్న్‌లకి క్రెడిట్ నోట్లు, అంటే ఆ డబ్బు మీ బాకీలోంచి తగ్గించే కాగితాలు, కొన్ని మా దగ్గర అప్రూవ్ కాకుండా పెండింగ్‌లో ఉండిపోయాయి, అవి కొత్త సిస్టమ్‌లోకి రాలేదు. దాంతో 38 షాపులకి ఉన్న బాకీ కంటే ఎక్కువ చూపిస్తూ వాట్సాప్ వెళ్ళిపోయింది. ఉయ్యూరు వైపు ఒక అమ్మగారు, మా నాన్నగారి టైమ్ నుంచి ఒక్క చెక్కు వెనక్కి రాని షాపు, ఆవిడకి 18,460 బాకీ అని పోయింది, అసలుది 11 వేల చిల్లర. ఆవిడ ఏమీ అనలేదు, "ఓసారి చూడు బాబూ" అన్నారంతే. ఆ రోజు సాయంత్రం నేనే వెళ్ళి కలిసొచ్చాను. ఆ 38 షాపులకీ క్రెడిట్ నోట్లు ఎక్కించేశాం, కొత్త స్టేట్‌మెంట్ పంపాం.

ఇంత గొడవ పడి ఎందుకు మార్చాలి అని కొందరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్ నగర్లోకి వచ్చినప్పుడు మా షాపు సర్వర్ కౌంటర్ కింద చెక్క స్టూల్ మీద ఉంది. నేను నడుంలోతు నీళ్ళలో లోపలికి వెళ్ళేసరికి స్టూల్ తేలుతోంది, డబ్బా మునిగిపోయింది, యూపీఎస్ నీళ్ళలోనే ఉంది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పోయింది, కింద ర్యాకులు మొత్తం పోయాయి, వాటికి లెక్క కట్టొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఆఖరి బ్యాకప్ ఆగస్టు 20ది. తర్వాత 11 రోజుల బిల్లులు లేవు. జులై దాకా జీఎస్టీ పోర్టల్లో దొరికింది, ఆగస్టు అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 అప్పటికి ఇంకా వెయ్యలేదు కదా, అక్కడ కూడా ఏమీ లేదు. ఆ లెక్క మళ్ళీ కట్టింది మీరే. మీ కాపీలు ఫోటోలు తీసి పంపారు, కొంతమంది చేత్తో రాసి "మీకు ఇంత ఇవ్వాలి" అని తెచ్చిచ్చారు. రెండు మూడు చోట్ల లెక్క కుదరలేదు, అక్కడ మీరు చెప్పిందే రాసుకున్నాం. ఆ నెల నేను ఎప్పటికీ మర్చిపోను. మీ బాకీల లెక్క ఒకే ఒక్క డబ్బాలో పెట్టుకోవడం సరికాదని అప్పుడు అర్థమైంది, అయినా కొత్త సర్వర్ కొని మేడ మీద పెట్టి సరిపోతుందనుకున్నా.

సరిపోలేదని 2025 సెప్టెంబర్ 22న తెలిసింది. జీఎస్టీ 12 శాతం ఉన్న మందులు 5కి దిగాయి, కొన్ని సున్నా అయ్యాయి. ముందు రోజు రాత్రంతా మెయిన్ మెషీన్లో ఒకసారి, గొడౌన్ మెషీన్లో ఒకసారి, సేల్స్ వాళ్ళ ల్యాప్‌టాప్‌లలో ఒకసారి రేట్లు మార్చాం, అయినా పొద్దున్న గొడౌన్ నుంచి 12 శాతంతో బిల్లులు వెళ్ళాయి. ఇప్పుడైతే ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది.

ఇప్పుడు మన సర్వర్ హైదరాబాద్‌లో అమెజాన్ వాళ్ళ డేటా సెంటర్లో ఉంది, 2022 నవంబర్ నుంచి వాళ్ళ సెంటర్లు అక్కడ ఉన్నాయి. రోజూ రాత్రి ఒక బ్యాకప్ ముంబైకి వెళ్తుంది. అది చాలని ఊరుకోలేదు, ప్రతి శనివారం ఒక కాపీ హార్డ్ డిస్క్‌లోకి దింపి మా ఇంట్లో బీరువాలో పెడుతున్నా. జీఎస్టీ లెక్కలు 72 నెలలు దాచాలి, ఏదైనా గొడవొచ్చి ఆ క్లౌడ్ అకౌంట్ మూతపడినా మన లెక్క మన చేతిలో ఉండాలి. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి నిజంగా బిల్లులు కనిపిస్తున్నాయా లేదా చూస్తాం, తెరిచి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు.

కొన్ని ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. మూడు కాపీల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ క్లౌడ్ నుంచి చాలా నెమ్మదిగా కొడుతోంది, ఇదివరకు ఒక్క నిమిషంలో వచ్చే బిల్లుకి మూడు నిమిషాలు పడుతోంది, అందుకే పొద్దున బండి అరగంట లేటు. లేజర్ ప్రింటర్ ఆర్డర్ పెట్టాం. నెట్ పోతే బిల్లు ఆగుతుంది, ఇది నిజం. పోయిన వారం రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగి రెండు గంటలు చేతిబిల్లులు రాశాం. ఇప్పుడు 4జీ డాంగిల్ ఒకటి రెడీగా పెట్టాం.

మీ డ్రగ్ లైసెన్స్ నంబర్లు, ఫోన్లు, బాకీలు అందులో ఉన్నాయి కాబట్టి ఒక మాట. మా స్టాఫ్‌లో ఎవరి లాగిన్ వాళ్ళకే, ఓటీపీ లేకుండా తెరుచుకోదు, సేల్స్‌మ్యాన్‌కి తన లైన్ షాపులే కనిపిస్తాయి. మా పేరు చెప్పి ఎవరైనా ఫోన్లో ఓటీపీ అడిగితే ఇవ్వకండి, మేం మిమ్మల్ని ఏ ఓటీపీ అడగం. డబ్బులు వేసే బ్యాంక్ అకౌంట్ కూడా మారలేదు, మారింది అని మెసేజ్ వస్తే నమ్మకుండా షాపు ల్యాండ్‌లైన్‌కి చెయ్యండి.

ఖర్చు నెలకి 9 వేలు దాకా అవుతోంది. మీ స్కీముల్లో కోత పెట్టం, డెలివరీకి పైసా తీసుకోం.

మీ వల్ల కావాల్సింది ఒక్కటే. డిసెంబర్ 31 నాటి మీ బాకీ ఎంతో స్టేట్‌మెంట్ పంపాం, మీ లెడ్జర్‌తో ఒకసారి కలిపి చూసి సరిపోతే "ఓకే" అని, లేకపోతే తేడా వచ్చిన బిల్లు ఫోటో పంపండి. ఫిబ్రవరి నెలాఖరు దాకా పాత మెషీన్ తియ్యం, మేడ మీద అలాగే ఉంటుంది, ఏ బిల్లు కావాలన్నా అందులోంచి తీసి చూపిస్తా. ఈ ఆదివారం కూడా పొద్దున 10 నుంచి నేను, మా అకౌంటెంట్ అమ్మాయి షాపులోనే ఉంటాం, లెక్క ఎదురుగా కూర్చుని చూసుకోవాలనుకునే వాళ్ళు రండి.