పీహెచ్ మీటరు దాచిన సంగతి

రఘూ,

నెల రోజులుగా ఉత్తరం లేదని అలిగావట, అక్క ఫోనులో చెప్పింది. ఆ నెలంతా నేను ఒక తప్పు లెక్క వెనకే తిరిగాను.

మా ఎంజైము మీద 1000 అట్మాస్ఫియర్ల పీడనం ఎక్కించాం, అంటే సముద్రంలో పది కిలోమీటర్ల లోతున ఉండేటంత. దాని పని మందగించింది. పీడనానికి ఆకారం చెడిందని నోటుబుక్కులో ధీమాగా రాసేశాను. ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే పీహెచ్ (అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) అంతకుముందూ 7, పాత్ర విప్పి చూశాక కూడా 7. ఇంకెందుకు అనుమానం?

విప్పాక చూడడమే నా తెలివితక్కువతనం. ఎంజైమును ఉంచింది ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచాల్సిన ద్రావణంలో. లోపల పీడనం ఉన్నంతసేపూ దాని పీహెచ్ దాదాపు 0.4 దిగి ఉంటుంది, ఎంజైము మందగించింది అందువల్లే కావచ్చు. తీయగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ 7కి వచ్చి కూర్చుంటుంది.

ఎందుకంటావా? ఆమ్లం ప్రోటాన్‌ను, అంటే ధనావేశమున్న హైడ్రోజన్‌ను, వదిలితే కొత్తగా విద్యుదావేశాలు పుడతాయి. ఆవేశమున్న ఒక్కో కణం, అంటే అయాను, చుట్టుపక్కల నీటి అణువులను లాక్కుని బిగదీస్తుంది, ద్రవం కుంచించుకుపోతుంది. పీడనానికి కావలసిందీ అదే, కాబట్టి నొక్కినకొద్దీ ఆమ్లం ప్రోటాన్లను ఎక్కువగా వదులుతుంది, పీహెచ్ దిగుతుంది. నీటినే తీసుకో. ఒక మోల్ నీరంటే 18 మిల్లీలీటర్లు. పుష్కలమైన నీటి మధ్య అంత నీరు అయాన్లుగా విడిపోతే, ఘనపరిమాణం సుమారు 22 మిల్లీలీటర్లు తగ్గుతుంది. విడిపోయిన నీటికంటే తగ్గిన చోటే ఎక్కువ! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. 1894లోనే డ్రూడే, నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఈ బిగింపుకు సిద్ధాంతం చెప్పారు.

నిన్న కళ్ళారా చూశాను. కిటికీ ఉన్న పాత్రలో, ఆ ఫాస్ఫేట్ బఫర్‌లోనే, పారానైట్రోఫినాల్ అనే రంగు మార్చే సూచకం కలిపాం. ప్రోటాన్ పోతే పసుపు, ఉంటే రంగు లేదు. పంపు పిడి తిప్పుతుంటే పసుపు కాస్త పలచబడింది. ఈ సాక్షి కూడా పీడనానికి లొంగేవాడే, ప్రోటాన్‌ను వదలడానికే మొగ్గుతాడు, కాని ఫాస్ఫేట్ అంతగా కాదు. అది వదిలిన ప్రోటాన్లు కొన్ని వచ్చి ఇతనికి అంటుకున్నాయి.

ఇప్పుడు ట్రిస్ బఫర్‌కు మారాను. అందులో ప్రోటాన్ వదిలే అణువుకు ముందే ఆవేశం ఉంటుంది, వదిలితే ఆవేశమూ ప్రోటాన్‌తోనే వెళ్ళిపోతుంది. అయాన్ల సంఖ్య పెరగదు కాబట్టి పీడనం దాన్ని పెద్దగా కదపలేదు. దానికి వేడి మాత్రం పడదు, డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున పీహెచ్ దిగుతుంది. నీటిని అంత గట్టిగా నొక్కితే రెండు డిగ్రీలు వేడెక్కుతుంది మరి. అందుకని ప్రతిసారీ పంపు ఆపి, చల్లారేదాకా కూర్చోవాలి. ఈ ఉత్తరం అలా కూర్చుని రాసిందే. ఉష్ణోగ్రత 25కు దిగింది, లేస్తున్నాను.

నీ
శ్రీను